బొమ్మ వెనక రాసిన పేరు

నా చిన్నతనంలో మా వరంగల్‌లో పుట్టిన నైరూప్య చిత్రకళ గురించి ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు. ఐదుగురు స్నేహితులట. విదేశీ పత్రికలు చూశారట. మనిషీ చెట్టూ లేకుండా ఉత్త రంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టారట. వాళ్లను చూసి పట్నం చిత్రకారులు కూడా దారి మార్చుకున్నారట. చివరి మాట నిజమే. మొదటి మాట మాత్రం నేను ఒప్పుకోను. వాళ్లు ఐదుగురు కాదు, ఆరుగురు. పత్రికల సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఐదుగురూ మా కొత్తవాడలో మగ్గాల ముందు గొంతుక్కూర్చుని జంపఖానాల అడ్డపట్టీలను గుడ్లప్పగించి చూడటం నేను చూశాను.

ఆ జంపఖానాలు నేసేది మా పెద్దమ్మ. మా గోడ అవతల ఇంట్లో నూలుకు రంగులు కాచేవారు. ఆ ఇంటి పెద్దకూతురే మా పక్కింటి అక్క. చిత్రకారులు ఆమె కాచిన రంగులే తీసుకునేవారు. వాళ్లలో పెద్దాయన మా బడి డ్రాయింగు సారు. ఐదుగురూ కలిసి మా వీధిలోనే ఒక గది అద్దెకు తీసుకుని బొమ్మలు వేసేవారు. అక్క రంగు ఇచ్చి వస్తానని వెళ్లి అక్కడే ఉండిపోయేది. మిగిలిన బట్టముక్క మీద, మిగిలిన రంగుతో తనూ వేసేది. నేను ఆమె వెంట తోకలా తిరిగేదాన్ని. ఆమె బొమ్మ వేస్తుంటే వాళ్లు వద్దనేవారు కాదు, అలాగని తిరిగి చూసేవారూ కాదు.

టౌనులో వాళ్ల బొమ్మలు ప్రదర్శనకు పెట్టే ముందు వారం వానలు పట్టుకున్నాయి. గది కురవడంతో బొమ్మలన్నీ మా వరండాలోకి చేరాయి. ఎవరి బొమ్మలు వాళ్లు విడివిడిగా గోడకు ఆనించి వెళ్లారు. పేరు కనబడితే జనం బొమ్మను చూడరని వాళ్ల నమ్మకం, అందుకని ఎవరూ సంతకం చేసేవారు కాదు. ఆ సాయంత్రం అక్క ఓణీ కింద దాచి ఒక బొమ్మ తెచ్చి వాటి మధ్య పెట్టింది. ఎరుపు మీద నల్లటి పట్టీ. ఒకచోట తెగి, కొంచెం పక్కకు జరిగి, మళ్లీ సాగుతుంది.

"ఎవ్వలకు జెప్పకే. గోడకు ఎక్కినంక నేనే జెప్త," అంది.

నేను చెప్పలేదు. కానీ మర్నాడు బడి లేదని జంపఖానాల దుకాణం ఆట మొదలుపెట్టి, ఆ బొమ్మలన్నీ వరండా నిండా పరిచాను. చిత్రకారులు వచ్చేసరికి ఏవి ఎవరివో తెలియకుండా కలిసిపోయాయి. అందరివీ ఒకే ఇంటి రంగులు, అందరూ చూసి నేర్చుకున్నవి అవే పట్టీలు. మిగతావి ఎలాగో ఏరుకున్నారు. ఆ ఎర్ర బొమ్మ దగ్గర మాత్రం డ్రాయింగు సారూ, గడ్డం ఉన్న ఇంకో సారూ తగువుకు దిగారు. అన్నిటిలోకీ బాగున్నది అదే కదా!

"గిది నాదే. నల్లరంగు గిట్ల ఒత్తేది నేనే," అని సారు.

"నువ్వు నిరుడు మానేసినవ్ గదనే నలుపు! నాది నాకియ్యి," అని గడ్డం సారు.

అక్క మా గుమ్మం దగ్గర నిలబడింది. మోచేతుల దాకా నీలిరంగు. నాదని ఒక్క మాట అంటే, కూతురు రంగులివ్వడానికి పోతోందనుకుంటున్న వాళ్ల నాన్న ఆ గది గడప తొక్కనివ్వడు. అనకపోతే బొమ్మ పోతుంది.

పెద్దమ్మ మగ్గం ఆపి లేచి వచ్చింది. నేత మనిషికి ఏది చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూడటం అలవాటు. బొమ్మనూ తిప్పింది. మగవాళ్ల బొమ్మలకు బట్టను చట్రానికి మేకులతో కొట్టి ఉంటుంది. దీనికి ఒక్క మేకు లేదు. చుట్టూ నూలుతో కుట్టి ఉంది. మగ్గం మీద పోగు తెగితే అతికే ముడే ప్రతిచోటా.

మూర నూలు తెంపి సారు చేతిలో పెట్టింది. "బొమ్మ నీదైతె ముడి గూడ నీదే గావాలె గద. ఒక్కటి ఏసి సూపియ్యి సారూ, సూద్దాం."

సారు వేళ్లు చిక్కుబడ్డాయి. గడ్డం సారుది ఇంకా అధ్వాన్నం. పెద్దమ్మ నవ్వు ఆపుకుంటూ అదే నూలు అక్కకిచ్చింది. అక్క చూడకుండానే, రెండు వేళ్లతో వేసింది.

సారు ఆ ముడిని లాగి చూశారు. తర్వాత, "వాళ్ల నాయినకు తెలిస్తె మా గది తలుపు ఊడబీకుతడు వదినె. పేరు బయటికి రావొద్దు," అన్నారు.

"ముందట రాయకుండ్రి. ఎనక రాస్తె ఎవ్వలు సూస్తరు?" అంది పెద్దమ్మ. నా వైపు తిరిగి, "కలిపింది నువ్వే గద బిడ్డా. రాయి, అన్నిటికి," అంది. పుల్లను నీలిరంగులో ముంచి ప్రతి బొమ్మ వెనకా పేరు రాశాను. అక్క బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె వంగి, "చిన్నగ రాయవే," అంది. నేను ఎంత పెద్దగా వీలైతే అంత పెద్దగా రాశాను.

బొమ్మ గోడకెక్కింది. అక్క చెప్తానన్న మాట చెప్పలేదు. రెండేళ్లకు నెక్కొండకు కోడలిగా వెళ్లిపోయింది. ఎప్పుడో ఆ బొమ్మకు సారు పేరు అంటుకుంది, ఆయన కాదనలేదు. ఇప్పుడు ఈ చిత్రకళ చరిత్రను భద్రపరుస్తామంటూ తిరుగుతున్న కుర్రాళ్లు మా ఇంటికొచ్చి, "ఆధారం ఏమన్నా ఉందా మేడం?" అంటారు. బొమ్మ వెనక చూడమంటే, అట్ట అంటించి అద్దం బిగించారు, విప్పితే పాడవుతుందంటారు. చరిత్ర పాడైతే ఫరవాలేదా అని అడిగాను. టీ తాగి వెళ్లారు.

ఈ రోజుకీ దుకాణంలో చీర చూపిస్తే నేను ముందు తిప్పి చూస్తాను. ఎవరైనా గొప్పవాళ్ల పేర్లు వరసగా చదువుతుంటే, ఆ వరస వెనక ఇంకెవరున్నారని అడుగుతాను. నాతో వేగలేమని మా కాలేజీ స్టాఫ్‌రూములో అందరూ అనుకుంటారు, అనుకోనీ.

అక్క పోయాక వాళ్ల పిల్లల దగ్గరికి వెళ్లి బొమ్మలేమైనా ఉన్నాయా అని అడిగాను. "మా అమ్మ బొమ్మలు ఏసేదా?" అని వాళ్లు నన్నే అడిగారు. నెక్కొండలో అన్నేళ్లు ఆ చేతులు ఒక్కసారి కూడా రంగు ముట్టకుండా ఉన్నాయా?