తెల్ల గడిలో దిగిన పెద్దనాయిన

మా పెద్దనాయిన పోయాడని అన్న ఫోన్ చేసేసరికి నేను దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు ఎక్కుతున్నాను. నిండు వయసు. దవాఖాన ముఖం చూడకుండా, పొద్దున చాయ్ తాగి, కుర్చీలోనే వెళ్లిపోయాడట. ఏడుపు వచ్చింది, నిజమే. కానీ ఆయన గెలిచి పోయిన మనిషి. అందులోనూ నా మీదే గెలిచాడు. అది మీకు చెప్పాలి.

కర్మన్‌ఘాట్ దాటి బడంగ్‌పేట్ వైపు వెళ్తుంటే ఒక కుంట ఉంది. పొలాలున్న రోజుల్లో దాని తూము ఎత్తి ఎవరి మడికి ఎన్ని నీళ్లో పంచే నీరటి పని మా ఇంటిది. పొలాలు ప్లాట్లయ్యాయి. పెద్దనాయిన మాత్రం తన పని పోయిన సంగతి ఎవరూ చెప్పనట్టు రోజూ కట్ట మీద తిరిగి వచ్చేవాడు. ఆయనకు సంవత్సరాలు అంకెల్లో గుర్తుండవు. వానలు వెలిశాక కుంటలోకి దిగేవాడు. నీళ్లు ఒంటి మీద ఎంతదాకా వస్తే అదే ఆ ఏటి పేరు. నేను పుట్టింది నడుంలోతు ఏడు. అన్న పెళ్లి పిక్కలోతు ఏడు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఎల్బీనగర్‌లో ఒక ఆఫీసులో మ్యాపులు గీయడం నా కొలువు, అదీ కాంట్రాక్టు మీద. చుట్టుపక్కల పట్టణాల చెత్తనంతా ఒకే చోటికి చేర్చాలని సర్కారు ప్లాను వేసినప్పుడు, ఆ చోటు మ్యాపు గీసింది నేనే. గొప్ప పని చేశానని కాపీ పట్టుకెళ్లి పెద్దనాయినకు చూపించాను. ఆయన ఒక తెల్ల గడి మీద వేలు పెట్టి అదేమిటన్నాడు. ఖాళీ జాగ, చెత్త పోసేది అక్కడే అన్నాను. ఎప్పుడు చూశావన్నాడు. ఏప్రిల్‌లో అన్నాను.

"గది కుంట శిఖం బిడ్డా, నీళ్లు నిండే నేల. గట్టి వాన పడితే నీళ్లు ఆడిదాక ఒస్తయ్. ఆడ చెత్త పోస్తే కింద కాలనీలోళ్ల బోర్లల్ల ఏం నీళ్లొస్తయ్?"

ఎండాకాలం కట్ట పక్కన మిగిలిన మడుగునే కుంట అనుకున్నాను. నీరటి ఇంటి ఆడపిల్లను, సిగ్గుతో చచ్చాను. తప్పు ఒప్పుకుంటే కొలువు పోతుందేమోనని భయం కూడా. ఆఫీసులో నువ్వే చెప్తావా, నన్ను రమ్మంటావా అని మాత్రమే పెద్దనాయిన అడిగాడు. మర్నాడే చెప్పాను. మా ఆఫీసు సారు బాగా తిట్టి, అది శిఖమని రుజువుకు కాగితం ఏదన్నాడు.

పెద్దనాయిన దగ్గర కాగితమెక్కడిది? ఆఫీసుకొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా, పిక్క, మోకాలు, నడుము తట్టి చూపిస్తూ ఏళ్లన్నీ అప్పజెప్పాడు. అందరూ నవ్వు ఆపుకున్నారు.

"ఒక్క వానకాలం ఆగుండ్రి సార్. నీళ్లు రాకుంటే మీ పటమే నిజం" అన్నాడు.

ఆగారు. వాన దంచి కొట్టింది. సారు గొడుగేసుకుని కుంటకే వచ్చాడు. పెద్దనాయిన పంచె ఎగ్గట్టి సరిగ్గా నా తెల్ల గడిలోకి దిగాడు. నడుస్తూ నడుస్తూ నడుము మునిగేదాకా వెళ్లి, ఆగి, మా వైపు తిరిగాడు. సారు నా చేతిలోని మ్యాపు తీసుకుని, తన పెన్నుతోనే ఆ గడి నిండా నీలం గీశాడు. నా తప్పు అందరి ముందూ బయటపడింది. అయినా నేను ఒడ్డున నిలబడి ఈల వేశాను.

కాలనీవాళ్లు పూలదండ తెచ్చారు. ఈ చెత్త మా దిక్కుకే వద్దని ఒక అర్జీ రాసి, ఆయనను సంతకం చేయమన్నారు. ఆయన సంతకం చేయకుండా దండ తీసి పక్కన పెట్టాడు. రాళ్లగుట్ట మీద నీళ్లు నిలవవు, అక్కడ పెట్టమని సారుతో అప్పటికే చెప్పేశాడు. ఆ గుట్ట సరిగ్గా మా ఇంటి వెనక.

"మన చెత్త మనకు కనవడకుంటే మనకు బుద్ధెట్లొస్తది?"

చాలా రోజులు సగం వీధి ఆయనతో మాట్లాడలేదు. చెత్త ఆ గుట్ట మీదికే చేరింది. గాలి ఇటు మళ్లితే వాసన వచ్చేది. పెద్దమ్మ కిటికీలు మూస్తూ తిట్టేది. మనదే కదా అని ఆయన మళ్లీ తెరిచేవాడు. ఈ పట్టుదలకు నేను విసుక్కున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు గర్వంగా ఉంది.

మొన్న డప్పుల మోతతో పాడె కుంట కట్ట మీదుగా వెళ్లింది. నీళ్లు కట్టను తాకుతూ నిండుగా ఉన్నాయి. ఎదురుగా చెత్త ఆటోలు ఒకదాని వెనక ఒకటి గుట్ట ఎక్కుతున్నాయి. ఒక్కటీ నీళ్ల వైపు తిరగలేదు.