అత్త చెప్పగా నేను రాసిన నోటుబుక్కు

పోయిన వారం బిషప్ గారి కార్యాలయం నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. మా అత్తను, అంటే మా నాయన తోబుట్టువును, పునీతురాలిగా ప్రకటించడానికి విచారణ మొదలుపెడుతున్నారట, ఆమె పలుకులు రాసిపెట్టిన నోటుబుక్కు నా దగ్గరుంటే దయచేసి పంపాలట. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పాకాల చుట్టుపక్కల పల్లెల్లో ఎండలు ముదిరాయంటే ప్రతి ఇంటి అరుగు మీదా చింతకాయల కుప్పలే, మండీ సాయిబు పంపిన కాయలు కొట్టి గింజలు తీస్తూ ఆడవాళ్లంతా పొద్దు పుచ్చేవాళ్లు. చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని మా ఇంట్లో ఉండిపోయిన అత్త మాత్రం ఊళ్లో కబుర్లలో కలవక, ఒక్కో గింజకూ మరియమ్మను తలుచుకునే మంగళవార్త జపం ఒక్కోటి చెప్పుకునేది. జపమాల మెళ్లో ఉండేది గానీ, చేతులనిండా పులుపు జిగురుతో దాన్ని ముట్టుకోవడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

ఆ జపంలోనే ఆమెకు మరియమ్మ కనబడేది. వెలుగులూ గంటలూ అలాంటివేమీ లేవు. "ఈపొద్దు గూడా ఆయమ్మ వచ్చింది పాపా, ఏమీ అడగల్యా, నా పక్కన కూసోని గింజలు తీసింది, అంతే," అనేది, పక్కింటామె వచ్చిపోయినంత మామూలుగా. అత్తకు చదువు రాదు. టీచరు ట్రైనింగు ముగించి మా ఊరి మిషన్ బడిలో కొత్తగా చేరిన నేను ఆ మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసేదాన్ని.

అంతవరకూ ఎవరికీ బాధ లేదు. మా గుడిలో ముందు బెంచీలు పెద్దకులాల నుంచి వచ్చిన ఇళ్లవాళ్లవి, తలుపు దగ్గరి చాపలు మావి. "ఆయమ్మ పూజకొస్తే బెంచీల తట్టు పోదు పాపా, మనతోనే సాప మీద కూసుంటాది, నేను సూసినాను," అందొకరోజు అత్త. రాశాను. రాసి ఊరుకోవచ్చు కదా, తోటి టీచర్లకు గొప్పగా చదివి వినిపించాను. నా నోరే కదా, ఇంకెవరిని అనాలి!

ఆ ఆదివారానికే మాట ముందు బెంచీలకు చేరింది. విచారణ గురువులు, అంటే మా గుడి ఫాదరు, మా బడికి కరస్పాండెంటు కూడా ఆయనే, అదంతా అబద్ధమని అందరి ముందూ ఒప్పుకునేదాకా అత్తకు సత్ప్రసాదం, పూజలో నాలుక మీద పెట్టే ఆ అప్పం ముక్క, ఇవ్వనన్నారు. పూటల తరబడి అన్నం లేకపోయినా ఓర్చుకునే మనిషి, అది లేకుండా విలవిల్లాడిపోయింది. "సూసిందాన్ని సూడలేదని ఎట్లా సెప్పేది సామీ?" అన్నది తప్ప ఎదురు మాట్లాడలేదు. చివరికి నన్ను పిలిచి, నోటుబుక్కు బిషప్ గారికి పంపమంది, ఆయన చదివి ఏం చెబితే దానికి తలవంచుతానంది.

పోస్టులో వేసి ఉంటే సరిపోయేది. కానీ పైవాళ్లకు ఏది చెప్పుకోవాలన్నా విచారణ గురువుల చేతుల మీదుగానే పోవాలన్నది మావాళ్లకు చిన్నప్పటి నుంచీ నూరిపోసిన భయం, పైగా నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెట్టాను.

ఏటా విభూది బుధవారానికి ముందురోజు, కిందటేడు మట్టల ఆదివారం నాడు మంత్రించిన మట్టలను ఇళ్ల నుంచి తెప్పించి, బడి వెనక పెద్ద బాణలిలో కాల్చి బూడిద చేసే పని టీచర్లది. నేను కర్రతో కలియబెడుతుంటే ఆయన వచ్చి, అంగీ జేబులోంచి నోటుబుక్కు తీసి మంటలో వేసి, నా మొహం వంక చూశారు. నేను కలియబెట్టాను.

మర్నాడు ఆ బూడిదతోనే అత్త నొసటన సిలువ గుర్తు వేశారు, బూడిదకైతే అడ్డు లేదు కదా. రెండు రోజులు ఆమె మొహం కడుక్కోలేదు. "బిషప్పుకు పంపినారా పాపా?" అని అడిగితే, పంపారన్నాను. జూన్‌లో నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

ఆ తర్వాత ఆమె బతికిన తొమ్మిదేళ్లూ పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే చాలు, చేతిలో పని వదిలి గుమ్మంలోకి వచ్చేది. "పెద్దోళ్లు, పనులుంటాయిలే," అని తనకు తానే సర్దిచెప్పుకునేది. ఆ గురువులు బదిలీ అయి కొత్తగా వచ్చినాయన సత్ప్రసాదం ఇస్తాను రమ్మని పిలిస్తే, "బిషప్పు మాట రానీండి సామీ, అంతదాకా నాకొద్దు," అని తానే తప్పుకుంది. అప్పుడైనా నేను నిజం చెప్పాల్సింది. సిగ్గుతో చచ్చిపోతానేమోనని నోరు మూసుకున్నాను, చచ్చిపోయింది అత్త, నాలుక మీద ఆ ముక్క పడకుండానే.

ఇప్పుడు మా గుడిలో చాపలు లేవు, టైల్సు వేసి అంతటా బెంచీలు వేశారు, కాలం మారిందని అందరూ మెచ్చుకుంటున్నారు. మొదటి బెంచీ పక్క గోడకు అత్త ఫోటో, దాని చుట్టూ సీరియల్ బల్బులు, ఆనాటి పెద్దింటివాళ్ల మనవరాళ్లే దానికి దండలు వేస్తున్నారు. ఆమె కూర్చునే చోట చెప్పుల స్టాండు పెట్టారు.

అత్త ఎదురుచూసిన ఉత్తరం ఇన్నాళ్లకు, నా పేరున వచ్చింది. జరిగిందంతా దాచకుండా జవాబు రాసి కవరు అంటించాను. జవాబు విచారణ గురువుల ద్వారా పంపాలని బిషప్ గారి ఉత్తరంలో కింద ఒక గమనిక ఉంది. ఈసారి ఎవరి చేతికీ ఇవ్వను, నేనే పోయి పోస్టులో వేస్తాను.