బందెలదొడ్డి ఇంటిపేరు

నా చిన్నప్పుడు దోహాలోని ఉమ్ ఘువైలినా అనే పేటలో మా కింది వాటాలో ఒక ఇంగ్లీషు పెద్దాయన ఉండేవారు. ఇంటిపేరు పిండర్. మా నాన్న గుమాస్తాగా చేసే కంపెనీలోనే ఆయన పనివాళ్ళుండే క్యాంప్ వ్యవహారాలు చూసేవారు. వాళ్ళ పాసుపోర్టులన్నీ ఆయన ఇనప బీరువాలో ఉండేవి. అప్పట్లో అదే ఆనవాయితీ.

ఇంటిపేరు అడగందే మావాళ్ళకు ఊసు పోదు కదా. ఒక శుక్రవారం టీ తాగుతూ నాన్న ఆయన్నీ అడిగాడు. ఆ పేరు వాళ్ళ దేశంలోనూ అరుదేనట. వెనకటికి పరాయి చేలో పడి మేసిన పశువుల్ని దొడ్లో కట్టేసి, యజమాని జరిమానా కట్టేదాకా కాపలా కాసేవాణ్ణి పిండర్ అనేవారట. అంటే మన బందెలదొడ్డి కాపలాదారన్నమాట. ఊళ్ళో ఆ మనిషిని తిట్టనివాళ్ళు ఉండేవారు కాదట. తరాలు మారినా పని మారలేదంటూ ఆయన బీరువా తాళాలు ఆడించి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నాన్న నవ్వలేదు. మా ఊళ్ళో పాలిచ్చే ఆవు బందెలో పడితే, ఇంటి దగ్గర దూడ ఆకలికి చస్తుందని కాపలాదారే పొద్దుగూకకముందు వదిలేసేవాడని చెప్పాడు. పిండర్ గారు తాళాలు జేబులో వేసుకున్నారు.

క్యాంప్‌లో ఉండే మేస్త్రీ ఒకతను మా ఊరివాడే. వరసకు మామ. వాళ్ళమ్మకు ఒక్కగానొక్క కొడుకు. ఆ ఎండాకాలం ఆమెకు ప్రాణం మీదికొచ్చిందని జగిత్యాల నుంచి కబురొచ్చింది. మామ పిండర్ గారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. మేనేజర్ సెలవులో ఉన్నాడు, అతని సంతకం లేకుండా పాసుపోర్టు ఇవ్వడానికి లేదు. రూలు రూలే అన్నారు పిండర్ గారు. ఆయన చెడ్డవారు కాదు, భయస్తులు. నాకు ఇప్పటికీ చెడ్డవాళ్ళకన్నా భయస్తులంటేనే ఎక్కువ గుబులు.

మేనేజర్ రాకముందే ఆమె పోయింది. తలకొరివి పాలివాళ్ళెవరో పెట్టారు.

ఆ కబురొచ్చిన సాయంత్రం మామ మా ఇంట్లో గోడకానుకుని కూర్చున్నాడు. పిండర్ గారు సంతకం సంగతి వదిలేసి, పాసుపోర్టు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని అమ్మ గొణిగింది. మామ దాన్ని తీసుకుని కాసేపు చూసి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాడు.

"నీ తాన్నే ఉండనియ్ సార్. ఇగ ఎవలున్నరని పోవాలె?"

నాన్న ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేకపోయాడు. చెప్పే అవసరమూ పడలేదు. అంత పెద్దమనిషి మా గుమ్మంలో నిలబడి ఏడ్చారు. నాకు భయమేసింది, జాలీ వేసింది.

ఇప్పుడు ఇదే దోహాలో ఒక కంపెనీలో సెలవులిచ్చే కుర్చీలో నేనున్నాను. "మేడం, అమ్మకు మంచిగ లేదట" అని ఎవరొచ్చినా ముందు సంతకం పెడతాను. నిజమో కాదో తర్వాత చూసుకుంటాను. అబద్ధం చెప్పి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు. వాళ్ళ అమ్మలు బతికే ఉన్నారు.