క్యాసెట్ తెగిన చోట మా అత్త

మా చిన్నప్పటి సినిమానే మళ్లీ తీసిన్రు, నిన్న ఫోన్ల చూసిన.

భోపాలపట్నం దోస్తులూ, సంత రోజు మా దుకాణం వెనక గదిల వీడియో పెట్టేది యాదున్నదా? గదంతా ఇప్పపూల బస్తాల వాసన. ఉన్నది ఒక్కటే క్యాసెట్, అదీ చివర్ల తెగింది. హీరో వాగు దాటుతుంటే టీవీ నిండా గీతలే. అప్పుడు మా మేనత్త లేచి, మిగతా కథ తెలుగుల ఓసారి, మా ఊరి దొర్లీ భాషల ఓసారి చెప్పేది. ఓ వారం విలన్‌ని మొసలి మింగేది. ఇంకో వారం వాళ్లమ్మే చీపురు తిరగేసేది. ఆ ముగింపు కోసమే జనం మళ్లీ మళ్లీ వచ్చేటోళ్లు.

"పోయినవారం వేరే చెప్పినవ్ గదా అత్తా?"

"అది పోయినవారం సినిమారా!"

నిన్న కొత్తదాంట్ల ముగింపు చూసిన. హీరో వాగు దాటి విలన్‌ని కొట్టిండు, అంతే.

మళ్లీ తీసేముందు మా అత్తను ఒక్క మాట అడగాల్సింది.