నా పర్మిట్ మీద సంతకం

నా స్కాన్ రిపోర్టు తయారై అప్పటికి తొమ్మిది రోజులైంది. హాస్పిటల్ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ "రేపు వస్తాను" అన్నాను. స్కాన్ తీసేటప్పుడు టెక్నీషియన్ ఒకే చోట మళ్ళీ మళ్ళీ తీశాడు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. హిందీ మాట్లాడే ఈ స్టీల్ ప్లాంటు ఊళ్ళో, సెక్టర్ 7లోని మా ఇంటి నుంచి హాస్పిటల్ పావుగంట దూరం. వారానికి నాలుగు రోజులు ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళే మనిషిని, ఒంట్లో బాగోలేదని వంక పెట్టి అటు తొంగిచూడలేదు.

ఒకప్పుడు నాకు ప్లాంటు కార్మికుల చేతి తొడుగులు కుట్టే యూనిట్ ఉండేది. ఆరేళ్ల కిందట రొమ్ములో గడ్డ తీశారు. బతికి బయటపడ్డాక యూనిట్‌ని అక్కడ కుట్టే ఆడవాళ్ళకే అప్పగించేసి, క్యాన్సర్ పేషెంట్ల తరఫున తిరగడం మొదలుపెట్టాను. క్యూలో పోట్లాడటం, డాక్టర్లతో వాదించడం నాకు కొత్త కాదు. నోరు గలదాన్నని మా ఆయన ఊరికే అనడు.

ప్లాంటులో మెషీన్ లోపలికి ఎవరూ ఒంటరిగా దిగరు. కరెంటు ఆపి, బయట నేనుంటానని ఒక మనిషి పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టాకే దిగుతారు. నేనూ అదే పద్ధతి పెట్టాను. తోడొచ్చినవాళ్ళు ఒక చీటీ మీద సంతకం పెట్టాకే రిపోర్టు విప్పాలి. దాన్నీ పర్మిట్ అనే పిలిచేవాళ్ళం.

తొమ్మిదో రోజున పక్కనున్న మరోదా బస్తీలో ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ కోసం వెళ్ళక తప్పలేదు. శ్రీకాకుళం వైపు మనిషి. ఆవిడకూ రొమ్ములోనే గడ్డ. ఆవిడ పర్మిట్ మీద నేను సంతకం పెట్టి కౌంటర్‌లో అడిగితే, గుమస్తా రెండు కవర్లు తీశాడు.

"దీదీ, ఆప్‌కా భీ పడా హై."

మీదీ ఇక్కడే పడి ఉందంటూ ఇచ్చిన నా కవరు గబుక్కున సంచీలో కుక్కేశాను. ఆవిడ చూడనే చూసింది.

ఆవిడది తొలి దశేనని, ఆపరేషన్ చేద్దామని డాక్టర్ అన్నాడు. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటూ నా సంచీ వైపు చూసింది.

"మరి నీదేటమ్మా?"

"తర్వాత చూసుకుంటాలే."

"ఎన్నాళ్ళైంది?"

అబద్ధం చెబుదామనుకున్నాను. తొమ్మిది రోజులన్నాను.

"నాకో నాయం, నీకో నాయమేటి? ఆలీసెం సేస్తే పేనం మీదకొస్తాదని నన్ను ఈడ్సుకొచ్చింది నువ్వు కాదేటి? తే ఆ సంతకం సీటీ."

చెప్పేవి శ్రీరంగ నీతులు అని ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను. నాకు భయంగా ఉందని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో ఆయనకు కూడా. ఆవిడకు చెప్పాను.

"బయమెయ్యదేటి మరి," అంటూ నా చీటీ మీద వంకర అక్షరాలతో తన పేరు రాసింది.

మళ్ళీ లోపలికెళ్ళాం. డాక్టర్ కవరు విప్పి చదివి, కళ్ళజోడు తీసేశాడు. మళ్ళీ వచ్చిందన్నాడు. ఈసారి లివర్‌లో.

ఆరేళ్లుగా ఎందరి పక్కనో కూర్చుని గడగడా అడిగిన ప్రశ్నల్లో ఒక్కటీ నా నోట రాలేదు. అంతలో పక్క కుర్చీలోంచి ఆవిడ, అరగంట ముందు తనకోసం నేను అడిగినవన్నీ, ఎంత పెద్దది, మందేది, ఎప్పట్నుంచి మొదలు అని, వచ్చీరాని హిందీలో అడగసాగింది.

"కిత్‌నా బడా హై సాబ్? దవా కౌన్‌సా? కబ్ సే చాలూ?"

డాక్టర్ జవాబు చెప్పడానికి నా వైపు తిరిగాడు. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, తనకు చెప్పమంది, ఈవిడకు ఇప్పుడేమీ తలకెక్కదంది. నిజమే. ఆ గదిలో ఆయన ఆ తర్వాత చెప్పిందంతా నేను బయట బెంచీ మీద ఆవిడ నోటి నుంచే విన్నాను.