మేష్టారి తువ్వాలు

ప్రభాకరరావు మేష్టారు ఇక లేరన్న దుర్వార్త సోమవారం పొద్దున్న ఫోనులో విన్నాను. "నాన్నగారు వెళ్లిపోయారండి" అని వారి అమ్మాయి అంటే, "ఎక్కడికండి?" అని అడిగాను. నా మతి మండ! మొన్న శుక్రవారం నాతో కాఫీ తాగిన మనిషి మరి.

కాకినాడలో మా చిన్న సంస్థ వేటపడవలకు దారిచూపే పెట్టెలు తయారుచేస్తుంది. వాటిలోని కెర్నెల్, అంటే యంత్రభాగాలన్నింటినీ అదుపులో ఉంచే మూల ప్రోగ్రాం, ఆయన చేతి చలవే. రోజూ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చేవారు. నాకు చెప్పిన తొలిపాఠం కూడా బస్సు పాఠమే.

"సీటు ఖాళీయేనా అని అడిగి కదండీ తువ్వాలు వేస్తాం! పరికరాల అడ్రసులూ, అంటే ప్రోగ్రాములు వాటితో మాట్లాడే చోట్లూ అంతే. కెర్నెల్‌ని అడగాలి, ఇస్తేనే కూర్చోవాలి. దిగేటప్పుడు తువ్వాలు తీసుకుపోవాలి."

ఒకసారి, మర్నాడు పడవలు వేటకు బయల్దేరతాయనగా, మేం కొత్తగా చేర్చిన ప్రోగ్రాం మొరాయించింది. అది కోరిన అడ్రసు అప్పటికే సముద్రం లోతు కొలిచే ప్రోగ్రాం చేతిలో ఉందని కెర్నెల్ చెప్పేసింది. "ఖాళీయేనా అని చూసే ఆ తనిఖీ తీసేద్దామండి" అన్నారు మేనేజరు గారు. తీసేస్తే పెట్టె చక్కగా నడిచింది కూడా! అందరం హమ్మయ్య అనుకున్నాం.

అజాతశత్రువైన మేష్టారికి ఆనాడు చూడాలి కోపం. "సీటు లేదంటే ఒళ్లో కూర్చుంటామా అండీ?" అంటూ రెండు ప్రోగ్రాములనూ ఒకేసారి ఉరికించారు. కాసేపటికి అవి ఒకదాని రాతను ఒకటి చెరిపేసుకున్నాయి. బల్లమీద కదలకుండా ఉన్న పెట్టె యానాం దగ్గరున్నానంది.

"నడిసముద్రంలో ఇలాగైతే? పడవలో ఉండేది మనుషులండి!" అన్నారు.

తెల్లవారేలోగా ఆయనే సరిదిద్దారు. ఆ అడ్రసు లోతు కొలిచే ప్రోగ్రాం ఒక్కదానిదే. రెండోది ఏం కావాలన్నా దాన్నే అడగాలి. "కిటికీ పక్కాయన్ని అడిగి తలుపు తీయించుకోండి, మీదనుంచి చెయ్యి చాపకండి" అని నవ్వారు. ఆ పడవలన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి. అటువంటి సంయమనం, అటువంటి ధర్మనిష్ఠ నేను మళ్లీ చూడలేదు.

ఆఫీసులో ఆయన కుర్చీమీద రోజూ వేసుకునే నీలిగళ్ల తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఎవరమూ ముట్టుకోలేదు. నిన్న కొత్తగా చేరిన ఇంజనీరమ్మ వచ్చి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండి?" అని అడిగింది.

అడిగింది! వింటే ఎంత సంబరపడేవారో.

తువ్వాలు తీసి మడతపెట్టాను. "ఖాళీయేనమ్మా, కూర్చో" అన్నాను.

మేష్టారూ, అబద్ధం చెప్పానండి.