విగ్రహం ముందరి మెట్టు

తిరుపతి శివారులోని చెరువుగట్టు పార్కును ఊడ్చే చెంగమ్మ, రోజూ పని ముగించి, చెరువును కాపాడాడని నిలబెట్టిన నాయకుడి విగ్రహం ముందరి మెట్టు దగ్గర కూలబడుతుంది. దానికంటిన చెప్పుల మట్టిని తిట్టుకుంటూ కొంగుతో తుడిచి, పసుపు రాసి, తన నొసట లేని బొట్టు దానికి పెడుతుంది. తొంభైఆరో సంవత్సరం వానల్లో గట్టు తెగబోతే ఇసుక మూటలు వేస్తూ కొట్టుకుపోయిన ఆమె మొగుడు మునస్వామి పేరు చెక్కించి, తోటి కూలీలు నాటిన రాయి అది. పార్కు కట్టిన కాంట్రాక్టరు దాన్ని బోర్లించి మెట్టు చేశాడు.

ఆవేళ విగ్రహానికి దండ వేయవచ్చిన పెద్దమనిషి, ఆ పసుపు కుంకాలు తనకు చేసిన మర్యాదనుకుని మురిసిపోతూ బూటుకాలు ఎత్తాడు. చెంగమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"బూట్లిప్పు సామీ! పైన నిలబడుండేవోడు ఈ చెరువులో కాలన్నా తడపలా. ఈడ బోర్లా పడుండేది నా మొగుడు."